రెండడుగుల మడత

మెట్లకింద దర్జీ ఆరడుగుల ఒక అంగుళం మనిషి. ఆయన కొట్టు, బాగా ఎత్తుగా ఉన్న మూల కూడా, అయిదడుగుల మూడంగుళాలు దాటదు. మూడంతస్తుల మేడ ఒకటి కట్టినవాళ్లు, మెట్లకింద మిగిలిన సందుకు ఒక తలుపు బిగించి అద్దెకిచ్చారు. ఈయన తాత్కాలికంగా అని చెప్పి తీసుకున్నాడు. ఆ తాత్కాలికానికి ఇప్పుడు ఇరవై ఆరేళ్లు. పైన మెట్లెక్కుతున్నది ఎవరో అడుగుల చప్పుడు విని చెప్పేయగలడు. తలెత్తి మాత్రం చూడలేడు, ఎత్తితే తగులుతుంది.

కొట్టులో పట్టాలని కటింగు బల్ల కాళ్లు అడుగు మేర కోయించాడు. బల్ల పొట్టిదైపోయింది కాబట్టి దాని మీదికి వంగాడు. మనిషి వంగుతూ వంగుతూ ఆ వంపుకే అలవాటుపడ్డాడు. ఈమధ్య రోడ్డు మీద నడుస్తున్నా అదే వంపు, పడిపోయిన సూది కోసం వెతుకుతున్నవాడిలా. భార్య బలవంతం మీద డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన వెన్నంతా వేళ్లతో నొక్కి చూసి మొహమాటం లేకుండా చెప్పాడు.

"ఇంకో ఏడాది ఇలాగే పనిచేస్తే ఇక నిటారుగా నిలబడటం ఉండదు. నిలబడి పనిచేసుకునే చోటు చూసుకోండి. మాత్రలు రాస్తాను గానీ, మాత్రలు మీ కొట్టు పైకప్పును ఎత్తవు."

దర్జీ ఆ మాటను తేలిగ్గా తీసుకున్నట్టు నటించాడు. భార్య నటించలేదు. ఆవిడ గుండెల్లో రాయి పడింది. కొట్టు గుమ్మం దగ్గర పీట వేసుకుని కాజాలు కుట్టడం, అంచులు మడవడం, ఆర్డర్ల పుస్తకం రాయడం ఆవిడ పని. ఆరోజు నుంచి కొట్టుకొచ్చిన ప్రతివాళ్లనీ, కొలతలు రాసుకుంటూనే, చవగ్గా ఎక్కడైనా ఖాళీ స్థలం ఉందా అని అడగడం మొదలుపెట్టింది. మూడు వారాలకు, ప్యాంటు పొట్టి చేయించుకోవడానికొచ్చిన రిటైరైన డ్రాయింగు మాస్టారు ఉందన్నాడు.

"బస్సులు మలుపు తిరిగే చోటు వెనకాల ఒక ముక్క ఉందమ్మా. మా నాన్నగారు కొన్నారు. ఎందుకు కొన్నారో అడుగుదామనుకుంటూనే ఉన్నాను, ఈలోగా ఆయన పోయారు."

వెళ్లి చూశారు. చుట్టూ రోడ్లూ ఇళ్లూ తిన్నగా కోసుకుపోగా, చొక్కా కట్ చేశాక చంక దగ్గర మిగిలే పేలికలా ఉంది ఆ నేల. ఒక వైపు వెడల్పు, రెండో వైపు సన్నం. ఇల్లు కట్టడానికి పనికిరాదు, బండి పెట్టడానికి వంకర. అందుకే ధర వినగానే ఎదుటివాడు తప్పు విన్నానేమో అనుకునేంత చవక. దర్జీ ఆ నేల మధ్యలో నిలబడి చెయ్యి పైకెత్తాడు. ఏమీ తగల్లేదు. ఇంకా కొంచెం ఎత్తాడు. ఆ క్షణంలోనే ఆ ముక్క మీద మనసు పారేసుకున్నాడని భార్యకు అర్థమైపోయింది.

చిక్కల్లా దస్తావేజు రాసే ఆయన దగ్గర వచ్చింది. కాగితాలు వెతికి, రాసి, రిజిస్టరు చేయించి పెట్టడానికి ఆయన అడిగిన రుసుము నేల ధరలో మూడో వంతు. దర్జీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మూడు ముక్కల సూటు కుట్టేవాణ్ణి, నాలుగు కాగితాలు కుట్టుకోలేనా?" అన్నాడు బయటికొచ్చి.

"కుట్టడం వేరండీ, రాయడం వేరు," అంది భార్య.

"రెండింటికీ ముందు కావాల్సింది కొలతే. అది మనకంటే బాగా ఎవరికొచ్చు?"

నిజం చెప్పాలంటే చాలా భాగం శుభ్రంగానే చేశాడు. ఆయన్ని చూసి నవ్వబోయేవాళ్లు ఇది ముందు తెలుసుకోవాలి. రికార్డుల గదిలో మూడు మధ్యాహ్నాలు కూర్చుని, ముప్పై ఏళ్ల పుస్తకాలు తిరగేసి, ఆ నేల మీద తాకట్టు గానీ దావా గానీ లేదని చూసుకున్నాడు. ఆ అటక లాంటి గదిలో తల వంచుకుని కూర్చోవడం మిగతావాళ్లకు కష్టం, ఆయనకు సొంత కొట్టులో ఉన్నట్టే ఉంది. పన్ను రసీదులు అడిగి తీసుకున్నాడు. మాస్టారు నిజంగా మాస్టారేనా అని, ఆయన పాత విద్యార్థులు ఇద్దరిని పట్టుకుని విచారించాడు. ఇద్దరూ చెవులు తడుముకుని, ఆయనే అన్నారు. అమ్మకం కాగితానికి జతచేయాల్సిన పటం మాస్టారే గీసిచ్చాడు. వెలుగు ఎడమవైపు నుంచి పడుతున్నట్టు షేడింగు కూడా వేశాడు. అంత అందమైన ఖాళీ స్థలాన్ని ఆ ఆఫీసు అంతకు ముందు ఎన్నడూ చూడలేదు.

తప్పు జరిగింది కొలతలోనే. అది తప్పు అని కూడా అనలేం, అలవాటు.

వాళ్ల కొట్టులో ఇరవై ఆరేళ్లుగా ఒక పద్ధతి ఉంది. ఆయన టేపు పట్టి ఒంటి కొలత చెబుతాడు. ఆవిడ దానికి లూజు కలిపి పుస్తకంలో రాస్తుంది, మనిషికి గాలి ఆడాలి కాబట్టి. తర్వాత ఆయన పుస్తకం చూసి గుడ్డ కోసేటప్పుడు, లోపల మడిచి కుట్టడానికి ఇంకాస్త కలుపుకుంటాడు. ఇద్దరూ ఒకరికొకరు ఏమీ చెప్పుకోరు. చెప్పుకోవాల్సిన అవసరం పడలేదు.

ఆరోజు నేల దగ్గర కూడా అంతే. ఆయన అయిదడుగుల టేపును మళ్లీ మళ్లీ వేస్తూ పోయి, "పొడవు యాభై రెండు, ఛాతీ ముప్పై, నడుము తొమ్మిది" అని కేకేశాడు. ఛాతీ అంటే వెడల్పు వైపు, నడుము అంటే సన్నం వైపు. ఆవిడ చెయ్యి దానంతటది ప్రతిదానికీ ఒక అడుగు కలిపింది. అంత పెద్ద నేలకు అంగుళాల్లో కలిపితే ఏం చాలుతుందని ఆ చేతికి తోచింది కాబోలు. ఇంటికొచ్చి దస్తావేజు రాసేటప్పుడు ఆయన చెయ్యి ఇంకో అడుగు కలిపింది. అలా యాభై నాలుగు, ముప్పై రెండు, పదకొండు అయ్యాయి. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని సంతకం చేశాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పెద్ద గుమస్తా ఒక్కచోట మాత్రం ఆగాడు.

"నడుము పదకొండు అడుగులు అని ఉంది. ఏమిటిది?"

"సన్నగా ఉన్న చోటండీ," అన్నాడు దర్జీ.

గుమస్తా రూల్సు పుస్తకం తెరిచి చూశాడు. నేలకు నడుము ఉండకూడదని అందులో ఎక్కడా లేదు. ముద్ర కొట్టేశాడు.

దర్జీ ఆ ముద్ర తడి ఆరకముందే కాగితం పట్టుకుని కొట్టుకొచ్చి, అద్దె కొట్టు నెలాఖరుకు ఖాళీ చేస్తానని మేడవాళ్లకు చెప్పేశాడు. భార్య ముక్కున వేలేసుకుంది. కొత్తవాళ్లు అప్పుడే కొట్టు చూసుకుని, బాగా ఎత్తుగా ఉందని మెచ్చుకుని, అడ్వాన్సు ఇచ్చి వెళ్లారు. వాళ్లది బొమ్మల దుకాణం.

షెడ్డు వేసుకోవాలంటే హద్దురాళ్లు పాతాలి, రాళ్లు పాతాలంటే సర్వేయరు రావాలి. వచ్చాడు. గొడుగు చంకలో పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా, నేలను మాత్రమే చూసే మనిషి. దర్జీ టేపు రెండో కొస పట్టుకుని కాస్త పైకి లాగబోతే వారించాడు.

"ఎత్తకండి. గాలిలో కొలిచింది చెల్లదు. టేపు మొదటి నుంచి చివరిదాకా నేలను తాకుతూ పోవాలి, అది రూలు."

నాలుగు వైపులా కొలిచాడు. మళ్లీ కొలిచాడు. దస్తావేజు తీసి చూసి, నేలను చూసి, తల అడ్డంగా ఊపాడు.

"కాగితం కంటే నేల పొట్టిగా ఉందండీ. ప్రతి వైపూ రెండడుగులు తక్కువ."

దర్జీ భార్య వైపు చూశాడు. ఆవిడ పుస్తకం వైపు చూసింది.

"మీరు చెప్పింది ఒంటి కొలత కదా," అంది మెల్లగా. "అడుగు లూజు కలిపి రాశాను."

"కలిపావా? నేను మడతకని ఇంకో అడుగు కలిపాను."

ఆయనకు సిగ్గేసింది. దస్తావేజు రాసే ఆయన మొహం కళ్ల ముందు కదిలింది. సర్వేయరు ఇవేవీ పట్టించుకోకుండా నోటీసు రాసి చేతికిచ్చాడు. ఏడు రోజుల్లో కాగితమూ నేలా సరిపోవాలి. లేకపోతే ఫైలు వివాదాల గదికి వెళుతుంది.

"ఆ గదిలోంచి ఫైలు తిరిగి రావడం నా సర్వీసులో చూడలేదు. వెతకడానికి వెళ్లిన గుమస్తా ఒకాయన మాత్రం రిటైరై బయటికొచ్చాడు," అన్నాడు, గొడుగు సర్దుకుంటూ.

మర్నాడు పొద్దున్నే భార్యాభర్తలు మాస్టారిని వెంటబెట్టుకుని పెద్ద గుమస్తా ముందు నిలబడ్డారు. రెండడుగులు తగ్గించి సవరణ రాసుకుంటామని, ఎన్ని సంతకాలైనా పెట్టడానికి మాస్టారు సిద్ధమని విన్నవించుకున్నారు. గుమస్తా చెడ్డవాడు కాదు. రూల్సు పుస్తకం చెప్పిందానికి అడ్డం రానంతవరకు ఎవరికైనా మంచే చేస్తాడు.

"ఉన్న నేల తగ్గిందంటే ఎవరో తీసుకున్నారనే అర్థం," అన్నాడు. "ఎవరు తీసుకున్నారో పేరు రాయండి. ఫిర్యాదు నమోదు చేస్తాను."

"ఎవరూ తీసుకోలేదండీ. అసలు లేదు అక్కడ."

"లేని నేలను అమ్మారా?" అని మాస్టారి వైపు తిరిగాడు. "లేని నేలను కొన్నారా?" అని దర్జీ వైపు తిరిగాడు. "అలాగైతే మీ ఇద్దరి మీదా కేసు. పోయిందంటే ఫిర్యాదు, లేదంటే నేరం. రెంటిలో మీకు ఏది వీలుగా ఉంటుందో చెప్పండి. ఇక్కడ బలవంతం ఏమీ లేదు."

మాస్టారు జేబులోంచి రబ్బరు తీసి, పటంలోనైతే తుడిచేస్తానన్నాడు. ఆ రబ్బరు లోపల పెట్టేయమని గుమస్తా మర్యాదగా చెప్పాడు. దర్జీకి తలప్రాణం తోకకొచ్చింది. నిలబడ్డచోటే ఇంకా కొంచెం వంగాడు. అది చూడగానే భార్యకు ఎక్కడలేని తెగింపూ వచ్చింది.

"అయ్యా, మీరు వేసుకున్న ఆ ప్యాంటు మేం కుట్టిందే కదా," అంది.

గుమస్తా కిందికి చూసుకుని, అవునన్నాడు.

"మూడుసార్లు నడుం దగ్గర వదులు చేయించుకున్నారు. ప్రతిసారీ గుడ్డ ఎక్కణ్ణుంచి వచ్చింది? మీరు కొనివ్వలేదు, మేం తేలేదు."

గుమస్తా ఆలోచించాడు. ఆయన జీవితంలో ఇది ఎవరూ వేయని ప్రశ్న. "లోపలే ఉండి ఉంటుంది," అన్నాడు చివరికి.

"మా నేలా అంతేనండీ. ఎక్కడికీ పోలేదు. లోపల మడిచి ఉంది."

గుమస్తా చాలాసేపు రూల్సు పుస్తకం తిరగేశాడు. నడుం మీద ఒక చెయ్యి ఉంచుకునే తిరగేశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"మడిచి ఉందని నేను రాసుకోలేనమ్మా. కానీ సర్వేయరు టేపుకు అందితే ఉన్నట్టే లెక్క. టేపు నేలను తాకుతూ పోవాలన్నంతవరకే రూలు. నేల ఎటు పోవాలో ఇందులో లేదు. ఇంకా ఆరు రోజులుంది."

ఆ మాట దర్జీ చెవిలో పడి, దారంతా లోపల్లోపల తిరుగుతూనే ఉంది. బస్సులు మలుపు తిరిగే చోటికి వచ్చేసరికి ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ప్లీటు పెడదాం," అన్నాడు.

"దేనికండీ?"

"నేలకి. అడుగు లోతున ఒక కాలువ తవ్వితే టేపు అడుగు కిందికి దిగి మళ్లీ అడుగు పైకెక్కాలి. రెండడుగులు పెరిగినట్టేగా. నిలువునా ఒకటి, అడ్డంగా ఒకటి పెడితే నాలుగు వైపులా సరిపోతుంది."

మాస్టారు నిలబడ్డచోటే గాలిలో వేలితో ఆ బొమ్మ గీసుకుని చూసి, "గొప్పగా ఉంటుంది," అన్నాడు.

ముగ్గురూ తవ్వారు. భార్య సుద్దముక్కలతో నేల మీద గీతలు కొట్టింది, ఈసారి ఏమీ కలపకుండా. ఏమైనా కలుపుతానేమోనని భయపడి ఎడమ చేత్తో గీసింది. దర్జీ గునపం పట్టాడు. వంగి పనిచేయడం ఆయనకు కొత్త కాదు గానీ, మూడో రోజుకు నడుము బిగుసుకుపోయి, లేవడానికి ఇద్దరు చెరో చెయ్యి పట్టుకోవాల్సివచ్చింది. నిటారుగా నిలబడటం కోసం ఇంత వంగాల్సి రావడం ఆయనకు ఎంతమాత్రం నచ్చలేదు. తీసిన మట్టిని పక్కనే గట్టులా పోయబోతే మాస్టారు పరిగెత్తుకొచ్చి ఆపాడు. గట్టు పోస్తే టేపు దాన్ని కూడా ఎక్కి దిగుతుంది, అప్పుడు నేల కాగితం కంటే పొడుగైపోతుంది, మళ్లీ మొదటికే వస్తుంది. అందుకని ఆ మట్టినంతా సంచుల్లో మోసి, బస్సు ఆగే చోట నీళ్లు నిలిచే గుంటలో పోశారు. ఇన్నేళ్లకు ఆ గుంట ఎవరో పూడ్చారని ప్రయాణికులు మునిసిపాలిటీని పొగిడారు.

ఏడో రోజు సర్వేయరు వచ్చాడు. టేపు పరిచాడు. టేపు కాలువలోకి దిగింది, అడుగున పాకింది, అవతలి గోడ ఎక్కింది. యాభై నాలుగు. వెడల్పు వైపు ముప్పై రెండు. నడుము పదకొండు. సర్వేయరు కాలువ అంచున గొంతుక్కూర్చుని లోపలికి చూశాడు.

"మొన్న ఇది లేదనుకుంటాను," అన్నాడు సర్వేయరు.

"మడత పెట్టామండీ," అంది భార్య.

"నాకు టేపు సంగతే తెలుసు. నేల సంగతి నాకెందుకు," అంటూ ఆయన సర్టిఫికెట్టు రాసేశాడు. రాళ్లు పాతించాడు. కిందన ఒక వాక్యం మాత్రం జాగ్రత్తగా చేర్చాడు. ఈ స్థలమునందు మడతలు రెండు కలవు, ఆఫీసు అనుమతి లేనిదే వాటిని విప్పరాదు.

దర్జీకి ఆ చివరి వాక్యం చదివాక సంతోషం సగం ఆవిరైంది. పూడ్చేద్దామనుకున్న కాలువలు అలాగే ఉండాలట. నేల నాలుగు ముక్కలైంది. అటు నుంచి ఇటు వెళ్లాలంటే దూకాలి. షెడ్డుకు స్తంభాలు ఎక్కడ పాతాలి, బల్ల ఎక్కడ వేయాలి?

నెలాఖరు వచ్చేసింది. బొమ్మల దుకాణంవాళ్లు పెట్టెలతో గుమ్మంలోకి వచ్చేశారు. మిషను, ఇస్త్రీ పెట్టె, పొట్టికాళ్ల బల్ల బండి మీద వేయించుకుని భార్యాభర్తలు కొత్త నేలకు చేరారు. షెడ్డు ఇంకా లేవలేదు. బల్లను ఒక ముక్క మీద, కాలువ అంచున దించారు.

"వడ్రంగిని పిలిచి కాళ్లు అతికించుకోవాలి," అన్నాడు దర్జీ నీరసంగా. "ఇంత చేసీ ఈ బల్ల మీదికి వంగడమే అయితే, మెట్లకింద ఉన్నా ఒకటే."

భార్య బల్లను చూసింది, కాలువను చూసింది. "కాలువలోకి దిగండి," అంది.

"ఎందుకు?"

"దిగండి, చెబుతాను."

దిగాడు. అడుగు లోతు. బల్ల ఒక్కసారిగా ఆయన నడుం ఎత్తుకు వచ్చింది. ఎప్పుడో కాళ్లు కోయించక ముందు ఎంత ఎత్తుండేదో సరిగ్గా అంత. బల్ల మీద రెండు అరచేతులూ ఆనించి, చేతుల వైపే చూస్తూ ఉండిపోయాడు. వంగకుండానే చేతులు అందుతున్నాయి.

అయినా మెడ మాత్రం వంగే ఉంది. తల ఎప్పటిలాగే ముందుకు వాలి, లేని మెట్ల కోసం తప్పుకుంటోంది.

"తలెత్తండి. ఏమీ తగలదు," అంది భార్య.

ముందు చెయ్యి ఎత్తి, పైన తడిమి చూసుకున్నాడు. తర్వాత తల ఎత్తాడు. వెన్ను ఎక్కడెక్కడో కలుక్కుమంది. ఎత్తగలిగినంత ఎత్తి, అక్కడ ఆగిపోయాడు. ఆవిడ కూడా కాలువలోకి దిగి, కాలువ గోడకు మడమలు ఆనించి ఆయన్ని నిలబెట్టి, ఆయన మెడలోంచి టేపు తీసింది. మడమ దగ్గర పట్టుకుని, ఒకసారి వేలితో గుర్తు పెట్టుకుని, నడినెత్తి దాకా కొలిచింది. వాళ్ల ఆర్డర్ల పుస్తకాల్లో మొట్టమొదటిదాని మొదటి పేజీలో ఉన్నది ఆయన కొలతే. అప్పుడు ఆరడుగుల ఒక అంగుళం.

"ఎంత?" అన్నాడు.

"అయిదడుగుల పదకొండు."

ఇన్నాళ్లూ నడుం నొప్పి అనుకున్నాడు గానీ, మనిషే తగ్గిపోయాడని ఆయనకు తెలియదు. భయమేసింది. మొహం చూసి ఆవిడకు అర్థమైంది. వెంటనే పెద్ద గుమస్తాలా కళ్లు చిట్లించి, పుస్తకం తెరిచి పట్టుకుంది.

"రెండంగుళాలు తక్కువ ఉంది. ఎవరు తీసుకున్నారో పేరు రాయండి."

దర్జీకి నవ్వు రాబోయి ఆగింది. కళ్లు మాత్రం తడిశాయి. "ఎవరూ తీసుకోలేదండీ," అన్నాడు, ఆఫీసులో అన్నట్టే. "లోపల మడిచి ఉంది."

ఆవిడ తల ఊపి, కొత్త పేజీలో రాసింది. ఆయన ఆ ఎత్తు మీంచి, వంగకుండానే, పుస్తకంలోకి చూశాడు. ఆరడుగుల ఒక అంగుళం అని ఉంది.

"మళ్లీ కలిపి రాశావు."

"నేనెప్పుడు కలపకుండా రాశాను?" అంది, పుస్తకం మూస్తూ.

"మరి సరిపోయిందో లేదో ట్రయలు ఎప్పుడు?"

"రోజూ పొద్దున్న ఇక్కడే."